నలభై రెండో జాతి

కళ్ళజోడు కాడను మెత్తబడేందుకు వేడి పూసల డబ్బాలో గుచ్చి, మనసులో ఆరు లెక్కపెట్టి, బయటికి తీసి బొటనవేలితో ఓ పిసరు కిందికి వంచాడు అద్దాలాయన. చల్లారేలోగా వంపు కుదరాలి. కుదరకపోతే మళ్ళీ పూసల్లో గుచ్చాలి, రెండోసారికి రంగు మాసిపోతుంది. ఎదురు కుర్చీలో కూర్చున్న పెద్దమనిషికి జోడు తగిలించి, రెండు చెవుల వెనకా చూపుడువేళ్ళు పెట్టి చూశాడు. ఇరవై ఆరేళ్ళుగా ఆయన పని ఇదే. ఊళ్ళో సగంమంది చెవులు ఆయన వేళ్ళకు తెలుసు. అలా జోడు సరిచేయించుకుని వెళ్ళినవాళ్ళు మాత్రం ఆయన ముఖం ఎలా ఉంటుందో చెప్పమంటే తడుముకుంటారు. చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు కూడా. యాభై రెండేళ్ళు, సన్నటి మెడ, చొక్కా జేబులో మూడు బుల్లి స్క్రూడ్రైవర్లు, ఎప్పుడూ కాస్త ముందుకు వంగిన వీపు.

ఆ పొద్దున ఆయన మేడమీది గదికి తాళం వేసి దిగుతుంటే, వదిన మెట్ల కింద అడ్డంగా నిలబడింది.

“ఆవిడ ఇవాళ రాత్రి ఎనిమిదింటి బస్సుకి వెళ్ళిపోతోందటగా. అడగందే అమ్మయినా పెట్టదంటారు మరిదీ. ఇవాళైనా నోరు తెరువు.”

చూద్దాం వదినా అన్నాడు. చూద్దాం అనేది ఆయనకు బాగా అలవాటైన మాట. అద్దాల వ్యాపారం కదా, తొమ్మిదేళ్ళుగా చూస్తూనే ఉన్నాడు.

ఆవిడ అంటే పోస్టాఫీసు కౌంటర్లో కూర్చునే ఆవిడ. వేరే ఊళ్ళో ఒంటరిగా ఉన్న అక్క దగ్గరికి బదిలీ అడిగి వేయించుకుంది. ఆవిడంటే ఆయనకు ఇష్టం. ఈ సంగతి వదినకు తెలుసు, జెరాక్సు షాపాయనకు తెలుసు, కండక్టరుకు తెలుసు. ఆవిడకు తెలుసో లేదో తెలియనిది ఆయనొక్కడికే.

ప్రతి శనివారం సాయంత్రం, వదిన కాక మిగతా నలుగురూ జెరాక్సు షాపు వెనక గదిలో కథలాట ఆడటానికి చేరతారు. బల్లమీద నక్షత్రాల పటం పరుస్తారు. జెరాక్సాయన కథ నడుపుతాడు. అద్దాలాయన, ఆవిడ, ఉద్యోగం నుంచి రిటైరైన బస్సు కండక్టరు, ముగ్గురూ మూడు లోకాల నుంచి వచ్చిన ప్రయాణికులు. తన మనిషి ఏం చేస్తాడో నోటితో చెప్పి, ఆ తర్వాత ఇరవై ముఖాల పాచిక వెయ్యాలి. పెద్ద అంకె పడితే పని జరిగినట్టు, చిన్నది పడితే బెడిసినట్టు. చెప్పకుండా వేసిన పాచిక చెల్లదు. పడిన అంకె చూసుకుని మాట మార్చే కండక్టరు కోసం పెట్టిన నియమమది. తొమ్మిదేళ్ళలో ఒక్కసారీ సడలించలేదు.

ఆ లోకాల్లో మసిలే జాతులన్నీ అద్దాలాయన సృష్టే. అద్దాలు వచ్చే కాగితం కవరుకు వెనకవైపు తెల్లగా ఉంటుంది. ఒక్కో కవరుమీద ఒక్కో జాతి. రూపం, లోకం, విద్య, అన్నిటికీ కింద ఓ గీత గీసి, దాని కింద లోపం. లోపం లేని జాతిని బల్ల దగ్గరికి రానివ్వరు. ఇంటికి ఎవరొచ్చినా నాలుగు మాటలు కూడబలుక్కోలేని మనిషి, కవరు చేతికందితే మూడు చందమామల గ్రహాలనూ ఉప్పు సముద్రాలమీద నడిచే ఊళ్ళనూ గిలికేస్తాడు. ఆరుచేతులవాళ్ళు ఓడకీ ఓడకీ మధ్య వంతెనలు అల్లగలరు గాని, మూసిన తలుపు తట్టాల్సివస్తే నువ్వంటే నువ్వని ఆరు చేతులూ ఒకదాన్నొకటి చూసుకుంటాయి. రాతినోటివాళ్ళు ఇవాళ అన్న మాట డెబ్బై ఏళ్ళకు గాని వినబడదు. దీపకళ్ళవాళ్ళు ఎంత చీకటినైనా చీల్చగలరు, నచ్చిన మనిషి ఎదురైతే మాత్రం కళ్ళు ఆరిపోతాయి. ఆవిడ మొదటిరోజు నుంచీ ఆడేది పొగమేనివాళ్ళ పిల్లని. ఏ గోడలోంచయినా దూరిపోతుంది. ఎవరో ఒకరు పేరుపెట్టి పిలిస్తే తప్ప రూపం కట్టలేదు.

పాచిక కూడా ఆవిడదే. సీసా రంగు ఆకుపచ్చది, ఓ మూల అరిగింది. అద్దాలాయన తన పాచిక రెండో ఏడే పోగొట్టుకున్నాడు. కొనుక్కోవడానికి ఏడేళ్ళు చాలలేదు. ఆయన వంతు వచ్చినప్పుడు ఆవిడ చెయ్యి చాచి తనది ఇచ్చేది, ఆయన వేసి తిరిగి ఇచ్చేవాడు. పాచిక వెచ్చగా ఉండేది.

మధ్యాహ్నం ఆవిడే షాపుకు వచ్చింది, జోడు వదులైందని. చేతిలో జాతుల కవర్లున్న పెట్టె ఉంది. రాసుకుంటానని వారం కిందట తీసుకెళ్ళింది. కుర్చీలో కూర్చుని జోడు తీసి ఇచ్చింది. స్క్రూ బిగించి, ఎడమ కాడను పూసల్లో గుచ్చాడు. ఆవిడ ఎడమ చెవి కుడిదానికంటే రవ్వంత పైకి ఉంటుంది. ఏ కొలబద్దా లేకుండా ఆ వంపు వెయ్యగలడు.

“నలభై ఒక్క జాతులూ రాత్రి వరసగా చదివానండీ,” అంది ఆవిడ. “అందరికీ ఒకటే లోపం పెట్టారు.”

అన్నీ వేరువేరు కదండీ అన్నాడు ఆయన, కాడ వంక చూస్తూ.

“వేషాలు వేరు. ముందుగా నోరు తెరిచేవాళ్ళు ఒక్కళ్ళూ లేరు. అవతలివాళ్ళు పిలుస్తారేమోనని అందరూ చూస్తూ కూర్చుంటారు.” కాస్త ఆగి నవ్వింది. “అననక్కర్లేదు లెండి. నేనూ తొమ్మిదేళ్ళు పొగమేనిదాన్నే ఆడాను.”

కాడ పూసల్లో ఎంతసేపు ఉందో ఆయన లెక్కపెట్టలేదు. తీసి చూస్తే చివర రంగు మాసి ఉంది. ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి. మార్చి ఇస్తానన్నాడు. ఫర్వాలేదు, ఇలాగే ఉంచండి అంది ఆవిడ. ఆయన జోడు పెట్టి, చెవుల వెనక వేళ్ళు ఆనించి చూశాడు. ఎప్పటికంటే ఒక్క క్షణం ఎక్కువే చూశాడేమో. వెళ్తూ వెళ్తూ, సాయంత్రానికి ఇంకో జాతి రాసుకు రమ్మంది. పిలవగలిగేవాళ్ళని.

ఆ తర్వాత నాలుగు జోళ్ళకు అద్దాలు అరగదీశాడు. ఒకదానికి కుడిది ఎడమా, ఎడమది కుడీ బిగించి మళ్ళీ విప్పాడు. మూడింటికి ఖాళీ కవరు తీసుకుని రాయడం మొదలుపెడితే చెయ్యి ఆగలేదు. పిలుపువాళ్ళు. వాళ్ళ ఓడలకు తెరచాపలుండవు, యంత్రాలుండవు. ఎవరిని పిలిస్తే వాళ్ళ లోకమే దగ్గరికి జరుగుతుంది. గీత గీసి లోపం రాయబోతే పాతదే వచ్చి పెన్ను అంచున కూర్చుంది. దాన్ని తోసేసి ఇలా రాశాడు: జీవితంలో ఒక్కసారే పిలవగలరు. ఇంతకంటే మంచి జాతిని ఆయన ఎప్పుడూ పుట్టించలేదు.

సాయంత్రం ఆవిడ సంచీలు వెనక గది గుమ్మం దగ్గరే పెట్టి కూర్చుంది. కవరు అందుకుని ఆసాంతం చదివి, ఆయన ముందుకే జరిపింది.

“దీన్ని మీరే ఆడండి.”

జెరాక్సాయన అమాయకుడేం కాదు. ఆ సాయంత్రపు కథ వారం రోజులు కూర్చుని అల్లాడు. పటం చివర ఓడరేవు. పొగమేనిపిల్ల ఓడ పక్కన గాలిలో ఉంది. ఓడ కదిలితే ఆ గాలికి చెదిరి దానితోపాటే వెళ్ళిపోతుంది. ఎవరైనా పేరుపెట్టి పిలిస్తే రూపం కట్టి ఒడ్డునే నిలుస్తుంది. కండక్టరు మనిషి గొంతు పోగొట్టుకుని ఉన్నాడు, ఆ ఏర్పాటూ జెరాక్సాయనదే. మిగిలింది పిలుపువాళ్ళ మనిషి ఒక్కడు.

“తాడు విప్పుతున్నారు,” అన్నాడు జెరాక్సాయన. “మీ మనిషి ఒడ్డున ఉన్నాడు. ఇప్పుడేం చేస్తారు?”

ఆవిడ పాచిక ఇచ్చింది. ఆయన గుప్పిట బిగించాడు. చెప్పాల్సింది ఒకే ఒక్క మాట, ఒక పేరు. ముగ్గురూ తననే చూస్తున్నారు. ఆవిడ ముందుకు వంగి, జోడు పైకి తోసుకుని చూస్తోంది. ఆయన నోరు తెరిచాడు. తెరిచి, పాచిక వేసేశాడు.

అది పటమంతా దొర్లి, ఓడరేవు దగ్గర ఆగింది. ఇరవై.

కండక్టరు కుర్చీలోంచి లేచాడు. జెరాక్సాయన ముఖం మాత్రం వాడిపోయింది. ఏం చేస్తారో మీరు చెప్పలేదు, చెప్పకుండా వేసింది చెల్లదు అన్నాడు, తప్పు తనదే అయినట్టు. ఈ ఒక్కసారికీ వదిలెయ్యమని కండక్టరు బతిమాలాడు. ఆ నియమం పుట్టిందే తనవల్లనని గుర్తుచేసి మరీ బతిమాలాడు.

“వద్దండీ,” అంది ఆవిడ. “చెప్పే వెయ్యనివ్వండి. నేను బయల్దేరడానికి ఇంకో ఐదు నిమిషాలుంది.”

ఐదు నిమిషాలూ ఆవిడ ఆయన్నే చూస్తూ కూర్చుంది. బయట షాపులో యంత్రం ఎవరి కాగితాలో నకలు తీస్తోంది. ఆయనకు ఆవిడని ఉండిపొమ్మనాలని ఉంది. అంతగా ఏదైనా కావాలనిపించడం ఆయన బతుకులో ఇదే మొదలు.

“అక్కడ మంచి షాపు చూసుకోండి,” అన్నాడు చివరికి. “ఎడమ చెవి రవ్వంత పైకి ఉంటుందని ముందే చెప్పండి. లేకపోతే జోడు వాలుతుంది.”

ఆవిడ కుర్చీలోంచి లేచింది.

“చెప్తానండీ,” అంది.

జోడు తీసి కొంగుతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. అందరికీ వెళ్ళొస్తానని చెప్పింది. కండక్టరు ఒక సంచీ పట్టుకుని, బస్సు ఎక్కించి వస్తానని వెంట వెళ్ళాడు. గుమ్మం దగ్గర ఆవిడ ఒక్కసారి ఆగి బల్ల వైపు చూసింది, ఏమైనా మరిచిపోయానా అన్నట్టు. తర్వాత మెట్లు దిగిన చప్పుడు వినిపించింది, అదీ ఆగిపోయింది.

జెరాక్సాయన పటాన్ని ఒక అంచు నుంచి చుట్టుకుంటూ వచ్చి, సగంలో ఆపేసి, షాపులోకి వెళ్ళిపోయాడు. అద్దాలాయన కుర్చీలోంచి కదలలేదు. పటం చివర, ఓడరేవు గుర్తు పక్కన, మూల అరిగిన ఆకుపచ్చ పాచిక చెల్లని ఇరవైని పైకి చూపిస్తూ అలాగే ఉంది.