షేరుకు సూది వేయించలేదు

అత్వెల్లిలో హైవే పక్కన దేవేందర్‌కు సిమెంటు, ఇనుప చువ్వల దుకాణం ఉంది. చువ్వలకు కాపలా అని దుకాణం వెనక జాగాలో ఒక కుక్కను గొలుసుతో కట్టేసి పెట్టాడు. దాని పేరు షేరు. పిల్లగా ఉన్నప్పుడు ముద్దుగా ఎత్తుకొని మేడ్చల్ పశువుల దవాఖానకు తీసుకెళ్లి, పిచ్చికుక్క జబ్బు రాకుండా సూది వేయించాడు. ఏటా వేయించాలని అక్కడ చెప్పారు. దుకాణం పెరిగాక ఆ సంగతే మర్చిపోయాడు.

పక్కింట్లో మరియమ్మ ఉంటుంది. కూతురు రేచల్ నాగారంలో ఉండి కంపెనీలో పనిచేస్తుంటే, మనవరాలిని తనే పెంచుతోంది. ఎండలు ముదిరితే షేరు గిన్నెలో చుక్క నీరుండదని ఆమె దేవేందర్‌కు గోడ మీంచి కేకేసి చెప్పేది. అతను సరేననేవాడు, మరిచేవాడు. చివరికి చెప్పడం మానేసి, తానే చెంబుతో నీళ్లు తెచ్చి పోయడం మొదలుపెట్టింది.

ఒక మధ్యాహ్నం ఆమె నీళ్లు తెచ్చేసరికి షేరు మూలుగుతోంది. గొలుసు చువ్వల కట్టకు చుట్టుకొని, వెనక కాలికి బిగిసిపోయింది. మరియమ్మ వంగి విప్పబోయింది. నొప్పి తట్టుకోలేక షేరు ఆమె ముంజేతిని కరిచేసింది.

అరుపు విని దేవేందర్ పరుగెత్తుకొచ్చాడు. అతని వెనకే దుకాణానికొచ్చిన మనుషులూ వచ్చారు.

"దీనికి సూదులు ఏపిచ్చినవా?" చేతిని కొంగుతో అదుముకుంటూ అడిగింది మరియమ్మ.

"అన్నీ ఏపిచ్చినక్కా. ఏం గాదు."

అంతమంది ముందు లేదని చెప్పడానికి అతనికి నోరు రాలేదు.

"పక్కానా?"

"పక్కా అక్కా."

"అయితే సరే. దాన్ని కొట్టకు. కాలు నొచ్చి కరిచింది గని, లేకపోతే మంచిదే."

ఆమె ఇంటికెళ్లి పసుపు అద్ది గుడ్డ కట్టుకుంది. దేవేందర్ షేరు కాలికి చుట్టుకున్న గొలుసు విప్పి దుకాణంలోకి వచ్చాడు. ఆ పూట చువ్వలు తూకం వేస్తూ రెండుసార్లు తప్పు లెక్క చెప్పాడు.

మర్నాడు పొద్దున అన్నం పెడుతూ అతని భార్య బిందు అంది. "అక్క చెయ్యి వాచింది. దవాఖానకు పోదామంటే, మీ ఆయన సూదులు ఏపిచ్చిన అన్నడు గదా అంటాంది. ఎప్పుడు ఏపిచ్చినవ్? నాకైతే యాదికి లేదు."

దేవేందర్ సగం తిని లేచి చెయ్యి కడుక్కున్నాడు.

దుకాణానికి ఇసుక తోలే నగేష్‌కు మాత్రం జరిగింది చెప్పాడు. నగేష్ తేలిగ్గా తీసుకున్నాడు. "రావల్కోల్ అవతల ఇడిసిపెట్టి రా. కుక్కనే లేకపోతే అడిగేటోళ్లు ఎవరు?"

ఆ మాట తప్పని దేవేందర్‌కు తెలుసు. అయినా వెళ్లి గొలుసు విప్పాడు. ఎక్కడికో బయటికి తీసుకెళ్తున్నాడనుకొని షేరు సంబరంగా ట్రాలీ ఆటోలోకి దూకి, అతని పక్కనే కూర్చుంది. పట్టీ కింద మెడ చుట్టూ బొచ్చు ఊడి, చర్మం ఎర్రగా పుండు పడి ఉంది. రోజూ చూసే కుక్క మెడను అతను ఇంత దగ్గరగా ఎన్నడూ చూడలేదు. రావల్కోల్ దారిలో కొంత దూరం పోయాక బండి ఆపాడు. షేరును దింపకుండానే బండి తిప్పి మేడ్చల్ వైపు పోనిచ్చాడు.

పశువుల డాక్టరు తేజస్వి అంతా విని ఒకటే అడిగింది. "కరిచిన మనిషికి టీకా మొదలుపెట్టారా?"

లేదని అతను తల అడ్డంగా ఊపాడు.

"కుక్క సంగతి తర్వాత. ముందు ఆమెను దవాఖానకు తీసుకెళ్లండి. ఆ జబ్బు ఒకసారి బయటపడితే ఇక ఎవరూ బతికించలేరు. కుక్కను పది రోజులు కళ్ల ముందే పెట్టుకొని చూడండి. ఎక్కడా వదిలేయొద్దు."

అతను వెళ్లేసరికి మరియమ్మ మనవరాలికి జడ వేస్తోంది. గుమ్మం దగ్గరే నిలబడి చెప్పేశాడు. "అక్కా, నిన్న అబద్ధం జెప్పిన. దానికి సూది ఏపియ్యక చానా ఏండ్లయింది."

ఆమె చేతిలోని జడ సగంలోనే ఆగిపోయింది. మనవరాలిని లోపలికి పంపింది.

"నీ మాట నమ్మి ఇంట్ల కూసున్న గద దేవేందర్. పిల్ల నా పక్కలనే పండుతది. ఒక్కసారి కూడ నిజం జెప్పాలని నీకు అనిపియ్యలేదా?"

అతను వెళ్లి బిందును పిలుచుకొచ్చాడు.

బిందు సబ్బుతో, పారే నీళ్ల కింద గాయం కడిగింది. మేడ్చల్ సర్కారు దవాఖానలో గాయం చుట్టూ సూదులు వేస్తుంటే మరియమ్మ "యేసయ్యా" అని అరిచింది. ఆ కేక బయట బల్ల మీద కూర్చున్న దేవేందర్‌కు వినిపించింది. చెవులు మూసుకోబోయి, మూసుకోకుండా చేతులు దించేశాడు.

ఆ తర్వాత అతను దుకాణం పని తమ్ముడికి అప్పగించి షేరు దగ్గరే కూర్చునేవాడు. అది నీళ్లు తాగితే గుండె కుదుటపడేది. తుమ్మితే భయపడేవాడు. పట్టీ తీసేసి మెడకు మందు రాశాడు. చువ్వలు, జాలీ తెచ్చి, చెట్టు నీడ పడేచోట చుట్టూ కంచె కట్టించి, దాన్ని అందులో వదిలాడు. మరియమ్మను ప్రతి సూదికీ తనే తీసుకెళ్లాడు.

గడువు దాటాక తేజస్వి వచ్చి చూసి, షేరుకు ఏమీ లేదంది. టీకా కూడా వేసింది. దేవేందర్ ఆ కబురు చెప్పడానికి పక్కింటికి పరుగెత్తాడు.

మరియమ్మ మంచం మీద కూలబడి ఏడ్చేసింది. సూదులు మొదలైన రోజే ఆమె భయం తీరిపోయిందని అతను అనుకున్నాడు. ఆమె మాత్రం ఇన్నాళ్లూ నిద్రలేక గడిపింది. ఇంట్లో మనవరాలి అలికిడి లేదని అప్పుడు గమనించాడు.

"పిల్ల ఏది అక్కా?"

"భయమైంది. నాకేమన్న అయితే దానికి అంటుతదని దాని అమ్మ దగ్గరికి తోలిన." ఆమె కళ్లు తుడుచుకొని ఫోన్ తీసింది. "రేచల్, ఏం గాలేదంట బిడ్డా. పిల్లను తీస్కరా."

"నేను పోయి తెస్త అక్కా, జల్దీ వస్తది," అన్నాడు దేవేందర్.

మరియమ్మ అతని వైపు చూడలేదు. "వద్దు. బస్సుల వస్తది."

ఆమె లేచి, మనవరాలి పక్కబట్టలు ఎండలో వేయడానికి పెరట్లోకి వెళ్లిపోయింది.