పై గదిలో అడుగులు

మా అన్నయ్య విటోస్లావ్ ప్రాగ్‌లో ఇరవై ఏళ్ళు చదివి, చదువు చెప్పి, ఓడ్రా నది ఒడ్డునున్న మా ఊరికి తిరిగొచ్చాడు. పెళ్ళి చేసుకోలేదు. నా మొగుడు పోయాడు. ఇద్దరం ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం. మా డ్యూక్ యారోమిర్ దొరగారి కొడుకులిద్దరికీ లాటిన్ నేర్పింది అన్నయ్యే. తండ్రి మాట వినని ఆ మొండిఘటాలు అన్నయ్య కసిరితే మాత్రం తల వంచుకునేవాళ్ళు.

వాళ్ళు పెద్దయ్యాక ఎవరికి ఏ కోట అని కత్తులు దూసుకునేదాకా వచ్చింది. దొరగారికేమో ఊపిరితిత్తుల జబ్బు. అన్నదమ్ములు పోట్లాడుకోకుండా రాజ్యాన్ని ఎలా ఏలుకోవాలో అన్నయ్య ఐదేళ్ళుగా ఒక గ్రంథం రాస్తున్నాడు. ఆ చలికాలం అన్నయ్యని రమ్మని కోట నుంచి కబురొచ్చింది.

"ఇంకొక్క అధ్యాయం ఉంది. ఉడకని కూర ఎవరైనా వడ్డిస్తారా? జ్వరమని చెప్పు," అన్నాడు అన్నయ్య.

చెప్పాను. రెండోసారి వచ్చిన మనిషికీ అదే చెప్పాను.

మూడోసారి దొరగారే వచ్చారు. మంచులో బండి దిగి, దగ్గుతూ, వంటింట్లో పొయ్యి పక్కన కూలబడ్డారు. రొట్టెముక్కలు వేసి కాచిన వేడి బీరు గిన్నెలో పోసిచ్చాను. రెండు గుక్కలు తాగి, "మీ అన్న ఏడీ?" అన్నారు.

"జ్వరం ప్రభూ. ఇప్పుడే కళ్ళు మూశాడు."

నా మాట పూర్తవకముందే పైన చెక్కలు కిర్రుమన్నాయి. వాక్యం కుదరకపోతే అన్నయ్య అటూ ఇటూ తిరుగుతాడు. దొరగారు తలెత్తి కాసేపు విన్నారు.

"నిద్రలో నడుస్తాడా దోరోతా, మీవాడు?"

నేను తల దించుకున్నాను. ఆయన కోప్పడలేదు. అదే నన్నింకా కోసేస్తోంది.

"నాకు పుస్తకమొద్దని చెప్పు. మావాళ్ళు పుస్తకం చదివే బాపతు కాదు. వచ్చి ఇద్దర్నీ ఎదురుగా నిలబెట్టి నాలుగు చివాట్లు పెట్టమను. నా కళ్ళముందే పెట్టమను," అని లేచారు.

మెట్ల దగ్గరికి వెళ్ళి ఒక్క కేక వేస్తే సరిపోయేది. నేను వెయ్యలేదు. పండితుడి చెల్లెల్ని కదా, అతని మాటే నా మాట అనుకున్నాను.

ఆయన వెళ్ళాక అంతా చెప్పాను. అన్నయ్య మొహం మాడిపోయింది. "పుస్తకమొద్దా! చదివాక తెలుస్తుందిలే," అని మళ్ళీ కలం పట్టాడు.

ఈస్టర్‌కి ముందొచ్చే నలభై రోజుల ఉపవాసాలు మొదలవకముందే దొరగారు పోయారు. ఈస్టర్ నాటికి గ్రంథం పూర్తయింది. అన్నయ్య దాన్ని గుడ్డలో చుట్టుకుని పెద్దకొడుకు దగ్గరికి వెళ్ళాడు. అప్పటికే కోట ముంగిట్లో గుర్రాలకు జీన్లు వేస్తున్నారు.

ఆ కుర్రాడు అన్నయ్య చెయ్యి ముద్దుపెట్టుకున్నాడట. "ఆలస్యం చేశారు గురువుగారూ. తమ్ముడి మనుషులు నిన్న నా పక్షాన ఉన్న మా మేనమామని చంపేశారు. ఇప్పుడు మీరు తిట్టినా వినలేను," అన్నాడట.

అన్నదమ్ములు రెండు వేసవులు కొట్టుకున్నారు. చేపలవాళ్ళ పేట మొత్తం తగలబడింది. శవాల్ని మోసుకెళ్ళే ఆడవాళ్ళతో పాటు అన్నయ్యా పార పట్టుకుని వెళ్ళేవాడు. ఆ గ్రంథాన్ని ప్రాగ్ పండితులు మెచ్చుకుని, నకళ్ళు రాయించుకున్నారు. ఆ మెప్పుల ఉత్తరాలు ఒక్కటీ అతను విప్పలేదు.

ఒకరోజు మాత్రం నాతో అన్నాడు. "ఆ రోజు ఆయన దగ్గు పైకి వినిపించింది, దోరోతా. నేను వినపడనట్టు ఊరుకున్నాను."

"నేనైనా పిలవాల్సింది అన్నయ్యా," అన్నాను.

చివరికి అన్నదమ్ముల మధ్య నదే సరిహద్దయింది. అప్పటికే పోయిన అన్నయ్య సమాధి అవతలి గట్టున, పెద్దకొడుకు ఏలుబడిలో ఉంది. నా ఇల్లు ఇవతల, చిన్నకొడుకు ఏలుబడిలో. చనిపోయినవాళ్ళ పండగనాడు దీపం పట్టుకుని వంతెన దగ్గరికి వెళ్తాను. కాపలావాడి మనసు బాగుంటే దాటనిస్తాడు. లేకపోతే దీపాన్ని ఈ గట్టు మీదే పెట్టి వచ్చేస్తాను.