ఏడో నంబరు బూట్లు

బూట్లేసుకుని అంట్లు తోమడం మొదట్లో నాకూ వింతగానే ఉండేది. ఇప్పుడు అలవాటైపోయింది. చీలమండ దాటి పైకొచ్చే మందపాటి బూట్లు, లోపల రెండు జతల మేజోళ్లు, పైన నైటీ, భుజం మీద తువ్వాలు. సింకు ముందు నిలబడి ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకి బరువు మారుస్తూ తోముతుంటాను. మడమ దగ్గర తోలు ఇంకా గట్టిగానే ఉంది. అక్కడ మెత్తబడాలంటే మెట్లెక్కాలి. అంట్లయ్యాక మెట్లెక్కుతాను. ఇంతా చేస్తే ఈ బూట్లు నావి కావు. మా ఆయనవి.

చెప్తే నవ్వుతారు గానీ జరిగింది ఇదీ. మా ఆయనకీ, ఆయనతో కలిసి చదువుకున్న లాయరుకీ, డాక్టరుకీ ఈ ఏడాది యాభై నిండుతున్నాయి. ఓపిక ఉన్నప్పుడే చూడాలని, హిమాలయాల్లో జనం పెద్దగా వెళ్లని ఒక లోయలో ముగ్గురూ తొమ్మిది రోజులు నడవాలని అనుకున్నారు. అనుకోవడం వరకే వాళ్ల వంతు. "ప్లానంతా నేను చూసుకుంటాలేరా" అని మా ఆయన ఫోన్లో వాళ్లకి మాటిచ్చేసి, ఫోన్ పక్కన పెట్టి, "ఇదిగో, నువ్వు కాస్త చూడు" అన్నాడు. నేను ఒక బడిలో బస్సుల రూట్లు వేస్తాను. ఇరవై రెండు బస్సులు. ఏది ఏ సందులోంచి వెళ్లాలి, ఎక్కడ ఎన్ని నిమిషాలు ఆగాలి, ఏ మలుపు దగ్గర ఏ పిల్ల దిగాలి, అన్నీ నా బుర్రలో ఉంటాయి. ఆ కాగితాల కింద సంతకం మాత్రం మా మేనేజరుది. బడి వార్షికోత్సవంలో ఆయనకి శాలువా కప్పుతుంటే నేను ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టాను. ఆ కోపం ఇంకా కడుపులో అలాగే ఉంది. కాబట్టి మా ఆయన 'కాస్త చూడు' అన్నప్పుడు నాకు కొత్తగా ఏమీ అనిపించలేదు. ఆఫీసు పని ఇంకోటి ఇంటికొచ్చింది, అంతే అనుకున్నాను.

అనుకున్నంత తేలిగ్గా తెమల్లేదు. భోజనాల బల్ల మీద ఆ లోయ పటం పరిచిన రోజు నుంచీ నా ప్రాణం కుదుట పడలేదు. మొదటి రోజు రోడ్డు ఆగిపోయిన చోటి నుంచి నది పక్కన పదకొండు కిలోమీటర్లు. రెండో రోజు చివరి ఊరు, పద్నాలుగు ఇళ్లు. ఆ తర్వాత ఊళ్లు లేవు. నాలుగో రోజు నడవకుండా ఉన్నచోటే ఉండాలి, ఒంటికి ఆ ఎత్తు అలవాటు కావాలి. అయిదో రోజు వాగు దాటాలి. అది పొద్దున్నే దాటాలట. ఎండెక్కితే పైన మంచు కరిగి మోకాలి లోతు వాగు నడుం లోతవుతుందట. ఇది చదివి నేను గట్టిగా నవ్వేశాను. మా బడి గేటు ముందు రోడ్డూ అంతే, మధ్యాహ్నం మూడు దాటితే ఇక దాటనివ్వదు. ఆరో రోజు కనుమ, రెండు కొండల మధ్య ఎత్తైన దారి. అది ఎక్కితే అవతలి లోయ కనిపిస్తుంది. కూరలు తరుగుతుంటే కనుమ, బట్టలు ఆరేస్తుంటే కనుమ. ఆఫీసులో రూటు గీస్తూ పదహారో నంబరు బస్సుని తీసుకెళ్లి గేరేజీ గోడకి కొట్టాను, కాగితం మీదే లెండి. నేను వెళ్లేదాన్ని కాదు, నా కాళ్లకి ఆ సంగతి తెలియడం లేదు.

ఆ లోయలో దారి చూపించే ఆవిడతో ఫోన్లో మాట్లాడేది కూడా నేనే. చివరి ఊరి మనిషి. ఇద్దరికీ వచ్చీరాని భాష ఒకటి పట్టుకుని మాట్లాడుకునేవాళ్లం. రెండోసారి ఫోన్ చేసినప్పుడే తన షరతు చెప్పింది. "ఒక్కొక్కరూ నెల రోజులు ఆ బూట్లతోనే, వీపున బరువేసుకుని నడవాలమ్మా. రోజూ ఎంత నడిచారో, ఎక్కడ నొప్పెట్టిందో రాసి పంపాలి. నెలాఖరుకి బూటు అడుగు ఫోటో తీసి పంపాలి. అరగని అడుగుతో వస్తే మా ఊళ్లోంచే వెనక్కి పంపేస్తాను. నాకు మొహమాటం లేదు."

ఈ మాట మా ఆయనకి చేరవేశాను. ఆయన కొత్త బూట్ల డబ్బా ఒళ్లో పెట్టుకుని కాసేపు ఆలోచించాడు. "నెల రోజులా? నాకెక్కడ కుదురుతుంది?" అన్నాడు. తర్వాత ఆయన చూపు నా పాదాల మీద పడింది. "నీదీ నాదీ ఒకే సైజు కదా. నువ్వెలాగూ పొద్దస్తమానం ఇంట్లో తిరుగుతూనే ఉంటావు. ఆ తిరిగేదేదో వీటితో తిరుగు. మెత్తబడ్డాక నాకిచ్చేద్దువుగాని. ఆ డైరీ ఏదో కూడా నువ్వే రాసి పడేయ్."

నా పాదాల గురించి చెప్పాలి. నాది ఏడో నంబరు. పెళ్లయిన కొత్తలో మా అత్తగారు గుమ్మం దగ్గర నా చెప్పులు చూసి, "ఇవెవరివి, మన వాడివా?" అని అడిగారు. నావని తెలిశాక, "పిల్ల చక్కగానే ఉంది గానీ ఆ పాదాలేంటమ్మా, పడవల్లా" అన్నారు. ఇరవై మూడేళ్లయింది. ఇంటికెవరొచ్చినా ఆ పడవ ఒక్కసారైనా నీళ్లలోకి దిగుతుంది. అందరూ నవ్వుతారు, నేనూ నవ్వుతాను, పాదాలు కుర్చీ కిందకి లాక్కుంటాను. చెప్పుల కొట్లో సైజెంతని అడిగితే ఆరనే చెప్తాను. ఆరో నంబరులో వేళ్లు ముడుచుకుని ఇరవై మూడేళ్లు నడిచాను. సిగ్గు నాది, నొప్పీ నాదే.

అందుకే మా ఆయన బూట్లలో మొదటిసారి కాలు పెట్టిన రోజు నాకు ఏడుపొచ్చింది. అయిదు వేళ్లూ తీరిగ్గా చాచుకుని కూర్చున్నాయి. నా పాదానికి సరిపడే చోటు ఈ లోకంలో ఉందని నాకు నలభై ఆరో ఏట తెలిసింది.

ఇంట్లో తిరిగితే అడుగులు అరగవు. అయిదంతస్తుల మెట్లు మొదలుపెట్టాను. సంచిలో ఆరు నీళ్ల సీసాలు, పైన పాత నిఘంటువు. "లిఫ్టు పని చేస్తోందమ్మా" అని వాచ్‌మన్ వారం రోజులు చెప్పి చెప్పి ఊరుకున్నాడు. పదో రోజు నుంచి ఆఫీసుకి బూట్లతోనే నడిచి వెళ్లడం, రావడం. ఆఫీసులో నా ఎదురుసీటామె "ఏంటీ, సైన్యంలో చేరావా?" అంది. "ఇంకా పిలుపు రాలేదు" అన్నాను. ఇంటికొచ్చాక డైరీ రాసేదాన్ని. పైన మా ఆయన పేరు, కింద నా కాళ్లు. 'పన్నెండో రోజు: తొమ్మిది కిలోమీటర్లు, ఎనిమిది కిలోల బరువు, నడుం పట్టేసింది.' 'పద్దెనిమిదో రోజు: ఎడమ మడమ మీద బొబ్బ.' 'ఇరవై రెండో రోజు: బరువు తెలియలేదు.' అబద్ధం ఒక్కటే, ఆ పేరు. మిగతాదంతా నిజమే రాశాను. ఎందుకంటే అది చదివేది కొండల్లో ఉన్న మనిషి, ఆవిడ నమ్మి నడిపిస్తుంది. "మీవారు గట్టి మనిషి. ముగ్గురిలో ఆయన గురించి నాకు బెంగ లేదు" అని ఆవిడ రాసి పంపింది. మా ఆయన దాన్ని స్నేహితులిద్దరికీ పంపాడు. లాయరు ఫోన్ చేసి తెగ మెచ్చుకున్నాడట. "మనసు పెడితే ఏముందిరా" అని మా ఆయన సోఫాలో కాళ్లు చాపుకుని చెప్తుంటే విన్నాను. ఒళ్లు మండిపోయింది. ఆ మంటతోనే ఆ రోజు అయిదంతస్తులు నాలుగుసార్లు ఎక్కాను.

ఆదివారం చివరిసారిగా అన్నీ మాట్లాడుకుందామన్నారు. లాయరూ డాక్టరూ మా ఇంటికొచ్చారు. బల్ల మధ్యలో ఫోను పెట్టారు, దారి చూపించే ఆవిడ గొంతు అందరికీ వినపడేలా. నేను వంటింట్లో కాఫీ కలుపుతున్నాను. డాక్టరుని ఊపిరి గురించి అడిగింది, లాయరుని మోకాళ్ల గురించి అడిగింది. తర్వాత మా ఆయన్ని అడిగింది.

"మీ మడమ బొబ్బ ఎలా ఉందండీ?"

"బొబ్బా?" అన్నాడు మా ఆయన. వెంటనే, "ఆ ఆ, మానిపోయింది."

"కనుమ ఎక్కేటప్పుడు మళ్లీ లేస్తుంది, జాగ్రత్త. ఏ కాలిది?"

ఎడమది, అనుకున్నాను నేను వంటింట్లో.

"కుడి కాలిది" అన్నాడు.

"సరే" అంది ఆవిడ. మాట మార్చింది. గుడారాల గురించీ, కంచరగాడిదల గురించీ మాట్లాడింది. గదిలో ఎవరూ ఏమీ గమనించలేదు. నేను కాఫీ కప్పులు తెచ్చి బల్ల మీద పెట్టాను. "ప్లానింగ్ అద్భుతంగా చేశావురా" అని డాక్టరు మా ఆయన భుజం తట్టాడు. ఆయన కాఫీ తాగాడు. నా వైపు చూడలేదు.

వాళ్లు వెళ్లాక, "ఏదీ, ఆ బూట్లు ఇలా పట్రా" అన్నాడు. తుడిచి తెచ్చిచ్చాను. వేసుకుని లేచి నిలబడ్డాడు. నాలుగడుగులు వేసి మొహం అదోలా పెట్టాడు. ఇంకో నాలుగు వేశాడు, కుంటుతూ. విప్పి చూస్తే మడమ ఎర్రగా కమిలింది. సైజు ఒకటే గానీ నెల రోజుల్లో ఆ తోలు నా మడమకి లొంగింది, నా బొటనవేలి దగ్గర వెడల్పయింది. బూటుకి ఎవరి పేరు మీద నడుస్తున్నారో తెలియదు కదా.

"పాడు చేసి పెట్టావు" అన్నాడు.

మా అత్తగారు కుర్చీలోంచి, "ఆ పాదాలు దూరితే ఏ బూటు నిలుస్తుందిరా" అన్నారు.

"ఇంకా మూడు వారాలుంది. రేపు ఇంకో జత కొంటాను. ఈసారి రోజూ గంటే వేసుకో, మరీ అంత తిరక్కు. కాస్త మెత్తబడితే చాలు" అన్నాడు మా ఆయన, మడమ రుద్దుకుంటూ. కోపంగా కూడా కాదు, సర్దుకుపోతున్నట్టు అన్నాడు.

నేను కింద కూర్చుని బూట్లు దగ్గరికి లాక్కున్నాను. నాకు ఆ క్షణంలో కనిపించింది మా ఆయన కాదు, ఆరో రోజు కనుమ మీద ఆయన. నడవని కాళ్లతో, నేను రాసిన డైరీ చూసి ధైర్యంగా ముందు నడుస్తున్న ఆవిడ వెనకాల. ఆయనకేదైనా అయితే? ఆవిడకేదైనా అయితే? సంతకం మేనేజరుదైతే నష్టం లేదు, బస్సు ఎలాగూ నేనన్న చోటే ఆగుతుంది. కనుమ అలా కాదు. భయం ఒకవైపు, ఇంకోవైపు నిజం చెప్పొద్దూ, అసూయ. అన్ని మెట్లెక్కి, ఆ వాగు పొద్దున్నే దాటాలని తెలుసుకున్నది నేను. అది దాటేది ఇంకెవరో ఎందుకవ్వాలి?

బూట్లు వేసుకున్నాను. తాళ్లు బిగించి కట్టాను. అక్కడే, వాళ్లిద్దరి ముందే ఫోన్ చేశాను.

"డైరీ నేనే రాశాను" అన్నాను ఆవిడతో. "నడిచిందీ నేనే. మా ఆయన ఒక్కరోజు కూడా నడవలేదు."

"ఏయ్, ఏంటిది?" అని మా ఆయన లేవబోయి మడమ నొప్పికి మళ్లీ కూర్చున్నాడు.

"కుడి కాలన్నప్పుడే అనుకున్నాను" అంది ఆవిడ. "నడవనివాళ్లని నేను తీసుకెళ్లనమ్మా. ఆయన్ని వచ్చే ఏడు రమ్మనండి, తన కాళ్లతో నడిచి. ముగ్గురికని అనుమతి కాగితం తెచ్చాను. ఒక చోటు ఖాళీ. మీరొస్తారా? నా గుడారంలో పడుకోవచ్చు."

ఇంత తేలిగ్గా అడుగుతారా ఎవరైనా? 'మీరొస్తారా' అని నన్ను చివరిసారి ఎవరు, ఎక్కడికి అడిగారో గుర్తు రాలేదు.

"వస్తాను" అన్నాను.

"మంచు మీద జారకుండా బూట్లకి ముళ్ల పట్టీలు కట్టాలి, మీకు సరిపడేవి తెస్తాను. కాలి సైజెంత?"

మా అత్తగారు నా వైపే చూస్తున్నారు. నేను పాదాలు లోపలికి లాక్కోలేదు.

"ఏడు" అన్నాను.

ఫోన్ పెట్టేశాను. మా ఆయన తిడతాడనుకున్నాను. స్నేహితుల ముందు పరువు తీశావంటాడనుకున్నాను. ఆయనకి మొదట తోచింది అది కాదు.

"మరి తొమ్మిది రోజులు ఇల్లు?" అన్నాడు. "అమ్మ మందులు, వంట, పనులూ... ఎలా అనుకున్నావు? ప్లానేంటి?"

బూట్ల తాళ్లు ఇంకోసారి బిగించుకుని, సంచి భుజాన వేసుకుని తలుపు తీశాను. ఆ రోజు మెట్లు ఇంకా ఎక్కలేదు.

"దానికి నేను ప్లాన్ వెయ్యలేదు" అన్నాను.