వానపాములు నన్ను పట్టుకుని వేలాడిన పూట

నేను ఒక గోనెసంచిని. పుట్టింది గోగునారతో, తయారైంది విజయనగరం వైపు ఒక మిల్లులో. వయసు అడక్కండి, చిరుగులు చూసి మీరే పోల్చుకోండి. బియ్యం మోశాను, ఉల్లిపాయలు మోశాను, ఒక చలికాలమంతా మేకపిల్లకి పరుపునయ్యాను. హాయిగా పడుకుని, తెల్లారేసరికి వెచ్చగా తడిపేసేది, దొంగముండ. ఆఖరికి ఎర్నమ్మ చేతిలో పడ్డాను.

ఎర్నమ్మ పెరట్లో ఎరువు కోసం సిమెంటు తొట్టె కట్టించి, మెత్తగా మగ్గిన చెత్త మీద వానపాముల్ని వదిలింది. నన్ను తడిపి పైన కప్పింది. ఎండ తగలకుండా, కోళ్లు కెలక్కుండా వాటిని కాయడం నా పని.

ఆవిడ మొగుడు సన్యాసినాయుడికి ఇదంతా వేళాకోళం. కోతలవగానే చేలో మొక్కజొన్న దంట్లకి అగ్గిపెట్టడం వాళ్ల తాతలనాటి అలవాటు. ఆ పొగ కళ్లబడితేగాని ఆయనకి పంట ఇంటికొచ్చినట్టుండదు. ఆలుమగలు వాదించి వాదించి ఒక మాటకొచ్చారు. నెల తిరిగేసరికి పురుగులు బతికుంటే దంట్లన్నీ తొట్టెకి, చస్తే అగ్గిపుల్లకి.

ఎగతాళి చేసే మనిషికి మనసు మెత్తబడితే ఎంత ముప్పో అప్పుడు తెలిసింది నాకు. నాయుడు చాటుగా వచ్చి, నన్ను కాస్త పైకెత్తి, లోపలికి తొంగిచూసి మురిసిపోయేవాడు. గడువు రెండు రోజులుందనగా ఎర్నమ్మ చెల్లెలింటికి వెళ్లింది. ఆ పొద్దున ఆవులు పేడ వేసీవేయగానే రెండు తట్టలు తెచ్చి వడ్డించేశాడు మహానుభావుడు. పచ్చిపేడ ఉడుకుతుంది నాయనా, పదిరోజులు ఆరనివ్వాలి అని చెబుదామంటే నాకు మూతి ఉంది గానీ మాట లేదు.

సాయంత్రం ఎర్నమ్మ వచ్చి, నన్నొక మూలకి మడిచి, చెయ్యి పెట్టి చటుక్కున లాగేసుకుంది. జ్వరమొచ్చిన ఒంటిలా కాలుతోంది తొట్టె. ఎంత తవ్వినా ఒక్క పురుగూ కనబడలేదు.

"ఏటెట్టినావు మావా?"

"ఇంటికొచ్చినోళ్లకి చల్లారిన కూడెడతామేటే?" అన్నాడు నాయుడు. అనేసి, ఆవిడ మొహం చూసి తలొంచుకున్నాడు.

పందెం గెలిచాడు కదా, అగ్గిపెట్టె జేబులోనే ఉంది. ముట్టుకోలేదు. ఏదో ఒకటి చెయ్యాలని నన్ను తీసి నీళ్లలో ముంచబోయాడు.

"ఇదేటే, ఇంత బరువుంది?"

బరువుండదూ! పొద్దుట్నుంచి ఆ వేడికి తాళలేక పైకి పాకి, నా తడి మడతల్లో గుత్తులు గుత్తులుగా వేలాడుతున్నాయి వానపాములు. ఆ చక్కిలిగింత ఎవరికి చెప్పుకోను?

పేడంతా ఎత్తిపోసి, తొట్టె చల్లార్చి, వాటిని ఒక్కొక్కటే వదిలారు ఇద్దరూ. మర్నాడు దంట్లు నాయుడే బండికెత్తాడు. పచ్చిపేడ వెయ్యకూడదని ఊరంతా తిరిగి చెప్పాడు, తానే కనిపెట్టినట్టు.

మొన్న ఎర్నమ్మ కొత్త గోనె తెచ్చి, నన్ను ముక్కలు చేసి దంట్లతో పాటే తొట్టెలో వేసింది. ప్రాణం కాపాడిందన్న మొహమాటం ఈ వానపాములకి ఇసుమంతైనా లేదు. తిననీ పాపం. సగం ఇప్పటికే ఎరువైపోయాను. ఈ కబుర్లు చెబుతున్నది మిగిలిన సగం.