ఇంకొక్క కవరు

నేను కుట్టిన మొదటి దిండు కవరుకి మూతి కూడా కుట్టేశాను. నాలుగు వైపులా శ్రద్ధగా కుట్టి, దిండు ఎటునుంచి దూర్చాలో తెలీక అలాగే పట్టుకు కూర్చున్నాను. మా ఆయన పడీపడీ నవ్వారు. "ఆ కుట్లేవో నీ నోటికే వేసుకుంటే ఇల్లు ప్రశాంతంగా ఉండేది" అన్నారు. అత్తయ్య నవ్వింది. నేనూ నవ్వాను. ఈ ఇంట్లో నా మీద వేసే జోకులకి ముందుగా నవ్వాల్సింది నేనే.

అసలు నేనడిగింది కుట్టుమిషను కాదు. పాప బడికెళ్లడం మొదలయ్యాక, మళ్లీ ల్యాబ్‌లో చేరతానన్నాను. పెళ్లికి ముందు అక్కడ రక్తపరీక్షలు చేసేదాన్ని. నరం దొరకని ముసలివాళ్లని నా దగ్గరికే పంపేవాళ్లు. కొన్నాళ్లకి ఆయన మిషను కొనుక్కొచ్చారు. "ఖాళీగా ఉంటే ఇలాంటి ఆలోచనలే వస్తాయి. ముందు ఇంటికి కావలసినవి కుట్టు, తర్వాత చూద్దాం."

ఖాళీగానట! వంట, బట్టలు, పాప చదువు, అత్తయ్య మందులు అయ్యాక నడుం వాల్చే ఆ కాస్తసేపూ మిషనుకి పోయింది. పక్కింటావిడ దగ్గర దారం ఎక్కించడం నేర్చుకున్నాను. కింద దారం ఉండలు కట్టేది, సూది విరిగేది, కుట్టినదంతా విప్పి మళ్లీ కుట్టేదాన్ని. చెయ్యి కుదిరేకొద్దీ పని పెరిగింది. కర్టెన్లయ్యాక ల్యాబ్ సంగతి అడిగితే సోఫాకి కవర్లన్నారు. అదయ్యాక ఫ్రిజ్‌కి, మిక్సీకి, టీవీకి. "ఇంకొక్క కవరు కుట్టెయ్, తర్వాత మాట్లాడుకుందాం." ఇప్పుడు మా వంటింట్లో ముసుగు లేనిది గ్యాస్ పొయ్యి ఒక్కటే. అది ఆరితే కదా!

నిన్న ల్యాబ్ మేడమ్ ఫోన్ చేసింది. ఒక ఉద్యోగం ఖాళీ ఉందనీ, సోమవారం చేరకపోతే ఇంకొకళ్లని తీసుకుంటాననీ అంది. ఆయనకి చెబితే, ఫోన్లోంచి తలెత్తకుండా, "కుర్చీలకింకా కవర్లు లేవుగా" అన్నారు. ఏడుపు కూడా రాలేదు. నేను చచ్చేదాకా ఈ ఇంట్లో కవరు లేని వస్తువేదో ఒకటి దొరుకుతూనే ఉంటుందని అర్థమైంది. నా బతుకు మీద నాకే రోత పుట్టింది.

ఈ మధ్యాహ్నం మిగిలిన గుడ్డతో ఒక కవరు కుట్టాను. అంచు మడతలు చక్కగా కుదిరాయి, ఒక్క కుట్టూ వంకరపోలేదు. దారం తెంపి, దాన్ని మిషను మీద కప్పాను.

అత్తయ్య వింతగా చూసింది. "రోజూ కుట్టేదానికి ముసుగెందుకే?"

"ఇక కుట్టను అత్తయ్యా. సోమవారం నుంచి డ్యూటీకి వెళ్తున్నాను."

ఆవిడ గబగబా కొడుక్కి ఫోన్ కలిపింది. నేను మేడమ్‌కి కలిపాను.