జంట గొట్టాలు

రిపేరు షాపులో స్క్రూలక్క మైక్రోస్కోపు అద్దాలకు పట్టిన బూజును స్పిరిట్ దూదితో తుడుస్తూ వీధివైపే చూస్తోంది. కాలు ఒకచోట నిలవడం లేదు. సాయంత్రం సైన్సు టీచరు వచ్చి దీన్ని పట్టుకుపోతుంది. ఈలోగా ఒక్కసారి ఇంటికి తీసుకెళ్ళి, మంచం పట్టిన నాన్నకు చూపించాలి. దీని సంగతి చెప్పినప్పట్నుంచీ ఆయన “తేవే” అని ఒకటే గోల. పైగా రాత్రంతా ఆయాసం.

దీన్ని చేసింది ఆయనే. పూలనూ పురుగులనూ కోసి చూడడానికి, రెండు కళ్ళకూ రెండు ఇత్తడి గొట్టాలు. రేకుల షెడ్డులో ఒక్క లేతు మిషనుతో మొదలుపెట్టాడు. గొట్టాలు కలిపే పని మాత్రం ఇంకొకరి చేతికి ఇచ్చేవాడు కాదు. తనే కళ్ళానించి మర బిగించి, చిన్నపిల్లగా ఉన్న ఆమెను పిలిచేవాడు. “ఒకటే నాన్నా” అని ఆమె అన్నాకే పెట్టెలో పెట్టేవాడు. బడి బీరువాలో పడి ఉండిపోయిన ఈ ఒక్కటి తప్ప పంపినవన్నీ తిరిగొచ్చాయి. రెండుగా కనిపిస్తోందట, తల పగిలిపోతోందట. చూడ్డం చేతకాని సన్నాసులని తిట్టి తిట్టి, చివరికి షెడ్డుకు తాళం వేశాడు. తిట్లకు మాత్రం ఇప్పటికీ తాళం పడలేదు.

ఆమె ఉప్పుగల్లు పెట్టి చూసింది. ఒకటే, నిక్షేపంగా ఉంది.

షాపు ఓనరు వంగాడు. “స్క్రూలక్కా, నాకు రెండున్నాయే!”

“సరిగ్గా చూడండి సార్.”

“ఇంకెలా చూడను? కళ్ళు పీకి అందులో పెట్టనా?”

పక్కకొట్టు దర్జీకీ రెండే కనిపించాయి. అతను తలెత్తి ఆమె మొహంలోకి చూశాడు. “నీకూ మీ నాన్నకూ చూపు కాస్త ఎగుడుదిగుడు కదక్కా. అందుకేనేమో.”

ఆమెకు అప్పుడు తట్టింది. నాన్న తన కళ్ళకు సరిపడేలా బిగించాడు. అవే కళ్ళున్న పిల్లతో సరిచూపించాడు. ఈ సంగతి ఆయనకు తెలిస్తే ఇక తిట్టుకోవడానికి ఎవరూ మిగలరు. ఏడుపు ముంచుకొచ్చింది.

“ముందు బాగుచెయ్యి, తర్వాత ఎక్కడికైనా ఊరేగించుకో” అన్నాడు ఓనరు. ఆయన్నే కూర్చోబెట్టి, “ఆ, ఒకటైంది” అనేదాకా మర తిప్పింది. తర్వాత తను చూస్తే రెండు కనిపించాయి.

ఇంట్లో నాన్న దిండుకు ఆనుకుని, రెండు చేతులా గొట్టాలు పట్టుకున్నాడు.

“రెండున్నాయి. ఏ వెధవ ముట్టుకున్నాడే దీన్ని?”

చెప్పేద్దామా అనిపించింది. ఆయన మెడమీద నరం ఎగిరెగిరి పడుతోంది.

“నేనే నాన్నా. పొరపాటైంది, ఉండు.”

స్క్రూడ్రైవరు తీసి, ఆయన చూస్తుండగానే మరను వెనక్కి తిప్పింది.

“ఆ! ఇప్పుడు ఒకటి. నేను అప్పుడే అన్లా?”

“అన్నావు నాన్నా.”

మంచినీళ్ళు తేవడానికి లోపలికి వెళ్ళింది. తెచ్చేసరికి ఆయన వెనక్కి వాలి ఉన్నాడు. ఆయాసం వినబడలేదు. గ్లాసు కింద పెట్టడం తోచక చాలాసేపు అలాగే నిలబడింది.

మంచం పక్క బల్లమీద మైక్రోస్కోపు ఉంది. అందులోని ఉప్పుగల్లు ఒక్కటిగా కనబడేది ఇక ఆమె ఒక్కతెకే.