ఏ రోడ్డు నుంచి కొలవాలి?

మా ఇల్లు హాంకాంగ్ కొండవాలుకి వీపు ఆనించి కట్టింది. కింది సందులోంచి చూస్తే మూడంతస్తులు, పై రోడ్డు మీంచి చూస్తే ఒక్కటే. అడుగున నా చెప్పుల దుకాణం. నెత్తిన యజమాని సిట్ గారి టీకొట్టు. దాని గుమ్మం పై రోడ్డు మీదికి. నడిమి గదిలో తామ్ పిన్ని, చెక్క అడ్డాల మధ్య పడుకునే ఎనిమిదిమంది రేవు కూలీలు. మనుషులకెలాగో జాగా దొరికేది. గాలే వంతులవారీగా వచ్చేది.

మెట్ల మధ్య ఇరుక్కున్న ఆ గదే పిన్నికి మెట్టినిల్లు. మొగుడు ప్లేగులో పోయాడు. ఇక గది పోతే గతి పోయినట్టే.

సిట్ గారికి అక్కడ మాజాంగ్ జూదపు బల్లలు వెయ్యాలని ఉబలాటం. రోడ్డు మట్టానికి దిగువన కాపురం కూడదని ప్లేగు తర్వాత వచ్చిన నిబంధన. కాలక్షేపానికి అడ్డు లేదు. ఆయనే అర్జీ పెట్టి తనిఖీదారు మోక్ గారిని రప్పించాడు, టీ కూడా తాగించాడు.

మోక్ గారు పైనుంచి దిగొచ్చి, "ఇది నేలమాళిగ. వారంలో ఖాళీ చెయ్యాలమ్మా" అన్నాడు.

"నేలమాళిగా! కిటికీలోంచి కిందికి చూడండి బాబూ, ఎవరి బట్టతల ఎంతో చెప్పొచ్చు."

"రోడ్డు నుంచి కదమ్మా కొలిచేది."

"ఏ రోడ్డు? ఇంటి నంబరు పలక చెప్పులాయన తలుపు మీదుంది. అక్కణ్ణించి కొలవండి."

మోక్ గారికి నియమమంటే నియమమే. బురదలో దిగి, నా గుమ్మం దగ్గర టేపు పెట్టాడు. కొలతలు మొదలైతే కలతలు ఆగుతాయా?

"నిజమే. ఇది మేడ గది. ఉండొచ్చు" అని రాసుకుని, తల ఇంకా పైకెత్తాడు. "ఈ సందు వెడల్పుకి రెండంతస్తులే కదా అనుమతి. ఆ మూడోది ఎవరిది?"

వెనకే బురదలోకి దిగొచ్చిన సిట్ గారు అడ్డం పడ్డాడు. "అది అంతస్తు కాదండీ, రోడ్డు పక్క కొట్టు! ఇందాక మీరు టీ తాగలేదూ?"

"తాగాను. మూడో అంతస్తులో తాగానని ఇప్పుడే తెలిసింది."

మూడో అంతస్తు వారంలో ఖాళీ చెయ్యాలని నోటీసు అంటించి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున్నే సిట్ గారు పిన్ని గుమ్మంలో నిలబడ్డాడు. "పిన్నీ, నీది నేలమాళిగేనని ఒక్క ముక్క చెప్పు తల్లీ. నిన్నెవరూ కదిలించకుండా నేను చూసుకుంటాగా!"

"నేలమాళిగలో బట్టలారవు, సిట్ గారూ" అంటూ పిన్ని, కూలీల తడి లాగులు గుచ్చిన వెదురును కిటికీలోంచి బయటికి తోసింది.

వారం తిరక్కముందే టీకొట్టు బల్లలు మెట్ల మీదుగా కిందికి దిగాయి.